బోల్టు విసిరి అడుగు వేసే ఆట

కీవ్ నగరంలోని జీఎస్‌సీ గేమ్ వరల్డ్ సంస్థ తయారుచేసిన 'స్టాకర్: షాడో ఆఫ్ చెర్నోబిల్' అనే కంప్యూటర్ ఆటను ఈమధ్యనే చివరిదాకా ఆడాను. 2007 మార్చిలో వచ్చిన ఆట. అంత పాతది గనకనే నల్లగొండ జిల్లా త్రిపురారంలో మా ఇంట్లో ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా సాఫీగా నడిచింది. ఆట అయిపోయింది గానీ ఆ చోటు నాలోంచి పోలేదు. కాల్వ కట్ట మీద నడుస్తుంటే, చీకటి పడ్డాక పొలం నుంచి తిరిగొస్తుంటే చెవి దానంతట అదే చుట్టుపక్కల చప్పుళ్లను ఒక్కొక్కటిగా ఏరి వింటోంది. ఒక తుపాకుల ఆట మనిషి చెవిని ఇంతగా ఎట్లా మారుస్తుందని వెతుక్కుంటూ పోతే, దాని వెనక ఏళ్ల తరబడి పోగవుతూ వచ్చిన పనితనం కనిపించింది. మన పత్రికల్లో వీడియో గేమ్ అనగానే వ్యసనం, నిషేధం, పోలీసు కేసు, వీటి గురించే చదువుతుంటాం. ఆ పనితనం గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి.

షూటింగ్ గేమ్ అంటే మన ఊళ్లల్లో అందరికీ ముందు గుర్తొచ్చేది పబ్‌జీ. 2018లో ఫోన్లలోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించేనాటికి చెట్ల కింద, బస్టాండుల్లో, హాస్టల్ గదుల్లో పాతుకుపోయింది. అంతకు ముందు తరం ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడింది. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో చదువుకున్న నా ఈడువాళ్లకు ఆ ఇరుకు గదులు, ఆ కేకలు గుర్తుండే ఉంటాయి. అవి పోటీ ఆటలు. ఎదుటివాడి కన్నా రెప్పపాటు ముందు కాల్చడమే వాటి సారం. నేను చెప్పబోయేవి అదే కుదురులో పుట్టి వేరే దారి పట్టినవి. వీటిలోనూ మన కళ్లున్న చోటే కెమెరా ఉంటుంది, తెర కింది భాగంలో మన చేతులు, చేతుల్లో తుపాకీ కనపడతాయి. కానీ ఆటగాడు ఒక్కడే, తొందరపెట్టేవాళ్లు లేరు. ఆ చోటు నిజంగా ఉందని మనల్ని నమ్మించడం, ఆ గాలి మనచేత పీల్పించడం తయారీదారుల మొదటి పట్టుదల. గెలుపోటములు ఆ తర్వాతి సంగతి.

పుట్టుక క్లుప్తంగా చెబుతాను. 1992లో ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల వుల్ఫెన్‌స్టైన్ 3డీ, 1993 డిసెంబరులో వాళ్లదే డూమ్ ఈ రకం ఆటలకు రూపం ఇచ్చాయి. 1994లో లుకింగ్ గ్లాస్ సంస్థ సిస్టమ్ షాక్ అనే ఆటలో ఒక పాడుబడ్డ అంతరిక్ష కేంద్రంలో ఆటగాణ్ని ఒంటరిగా వదిలేసి, పోయినవాళ్లు వదిలిన సందేశాల ద్వారా కథ చెప్పించింది. 1998 చివర్లో వెంటవెంటనే హాఫ్-లైఫ్, థీఫ్ వచ్చాయి. ఈ రెండూ లేకపోతే 2007 నాటి బయోషాక్ లేదు, 2010 నాటి మెట్రో 2033 లేదు, స్టాకర్ కూడా ఇట్లా ఉండేది కాదు.

స్టాకర్ కథ జరిగే చోటు కల్పన కాదు. 1986 ఏప్రిల్ 26న అర్ధరాత్రి దాటాక 1:23కు చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టర్ పేలింది. మర్నాడు మధ్యాహ్నం పక్కనున్న ప్రిప్యాత్ పట్నం నుంచి దాదాపు 49 వేల మందిని బస్సులెక్కించి పంపేశారు. చుట్టూ 30 కిలోమీటర్ల మేర నిషేధిత ప్రాంతమని గీత గీశారు. ఆట తయారుచేసినవాళ్లు 2002లో కెమెరాలు పట్టుకుని ఆ ప్రాంతంలోకి వెళ్లారు. పెచ్చులూడిన గోడలు, అద్దాల్లేని కిటికీలు, తుప్పు పట్టిన బస్సులు అన్నీ ఫొటోలు తీసుకొచ్చి ఆటలో మళ్లీ కట్టారు. ఆ తర్వాతది ఊహ. 2006లో అక్కడ రెండో పేలుడు జరిగినట్టు, అప్పటినుంచి అక్కడక్కడా ప్రకృతి సూత్రాలే తప్పినట్టు, అట్లా తప్పిన చోట్ల పుట్టే వింత వస్తువుల కోసం కొందరు ప్రాణాలకు తెగించి దొంగచాటుగా లోపలికి పోతున్నట్టు. ఈ ఊహకు బీజం స్త్రుగాత్‌స్కీ సోదరులు 1972లో ప్రచురించిన 'రోడ్‌సైడ్ పిక్నిక్' నవల. దాని ఆధారంగానే తార్కోవ్‌స్కీ 1979లో 'స్టాకర్' సినిమా తీశాడు. ఆటలో మనం గతం మరిచిపోయిన మనిషిగా కళ్లు తెరుస్తాం. చేతిలోని చిన్న పరికరంలో మిగిలిన ఆదేశం ఒక్కటే: స్ట్రెలోక్ అనేవాణ్ని చంపాలి.

ఈ ఆటలో చేతికొచ్చే అన్నిటికన్నా విలువైన వస్తువు బోల్టు. మామూలు ఇనప బోల్టు, ఎన్నిసార్లు విసిరినా అయిపోదు. ఆ ప్రాంతంలో కంటికి సరిగ్గా ఆనని ఉచ్చులుంటాయి. కొన్ని మనిషిని గాల్లోకి లాగి చిదిమేస్తాయి, కొన్ని నిలువునా కాల్చేస్తాయి. పగటి వెలుగులో పచ్చగడ్డి మీద గాలి కొంచెం వణికినట్టు ఉంటుంది, అంతే. బోల్టు విసిరితే ఉచ్చు రేగి బయటపడుతుంది. అది ఎక్కడిదాకా ఉందో చూసుకుని, మళ్లీ విసిరి, పక్కనుంచి ఒక్కో అడుగు వేయాలి. ఎంత మంచి తుపాకీ ఉన్నా బోల్టు చేసే పని చేయదు. నవల్లోనూ సినిమాలోనూ ఇట్లా విసిరేవాళ్లున్నారు. అక్కడ వేరొకరు విసరడం చూస్తాం. ఇక్కడ విసిరేది మన చెయ్యి, తప్పితే పోయేది మన ప్రాణం. అందుకే నాలుగైదు ఊళ్లు దాటేసరికి ఆటగాడి నడకే మారిపోతుంది. గడ్డిని చూస్తాడు, ఆకుల సుడిని చూస్తాడు, తొందరపడడు.

రేడియేషన్‌ది మరో పద్ధతి. దానికి రూపమే ఇవ్వలేదు. చెవిలో గీగర్ కౌంటర్ చిటపటలు మొదలవుతాయి, లోపలికి పోయినకొద్దీ చిక్కబడతాయి. ఒక తుప్పు పట్టిన ట్రాక్టరు పక్కన ఎండలో నిలబడి ఉంటాం, చుట్టూ ఎవరూ ఉండరు, చెవి మాత్రం పారిపొమ్మంటుంది. బయటికి వచ్చేసినా ఒంట్లోకి ఎక్కింది వెంటనే పోదు, కొద్దికొద్దిగా ప్రాణం తీస్తుంటుంది.

నల్లగొండ గడ్డ మీద పుట్టినవాణ్ని, నాకు ఇది పరాయి కథ అనిపించలేదు. కనపడనిది ఒంటిని తినేయడం మన జిల్లా తరతరాలుగా ఎరిగిన సంగతి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరునీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గార కడుతుంది, అది ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. గ్లాసులోకి చూసి ఇది ఏ నీరో చెప్పగల కన్ను ఎవరికీ లేదు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతి రూపొందిస్తే దానికి మన జిల్లా పేరే నిలిచింది. ప్రపంచంలో నీటి ఇంజినీర్లందరికీ అది నల్లగొండ టెక్నిక్‌గానే తెలుసు.

ఇంకా దగ్గరి సంగతి యురేనియం. నాగార్జునసాగర్ జలాశయానికి ఆనుకుని ఉన్న లంబాపురం, పెద్దగట్టు గుట్టల్లో ఆ ఖనిజం ఉంది. తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ముందుకొస్తే 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా ఎదిరించారు. త్రిపురారం మండలం పొలాలకు ఎడమ కాల్వ ద్వారా నీళ్లొచ్చేది ఆ జలాశయం నుంచే. 2019లో నల్లమలలో యురేనియం మాట మళ్లీ లేచినప్పుడు సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇటువంటి పోరాటాలన్నిటిలో ఒకే కష్టం ఉంటుంది. కనపడని దాన్ని ఎట్లా చూపించాలి? అంకెలు చెబితే గుండెకు తాకవు. ఫొటో తీస్తే అందులో గుట్ట, గడ్డి, మేకలే పడతాయి. స్టాకర్ తయారుచేసినవాళ్ల దేశానికి ఇదే కష్టం మన కన్నా వెయ్యింతలు ఎక్కువగా వచ్చింది. వాళ్లు కనపడనిదాన్ని చెవికి, చేతికి అప్పగించారు. ఈ రకం ఆటల విలువ ఏమిటని ఎవరైనా అడిగితే ముందుగా నేను చెప్పేది ఇదే.

చెవి గురించి ఇంకా చెప్పాలి, వీటి ప్రాణమంతా అక్కడే ఉంది. థీఫ్ ఆటలో మనది దొంగ పాత్ర. రాతి పలకల మీద నడిస్తే టకటకమంటుంది, తివాచీ మీద వినపడదు, ఇనప నేల మీద అడుగు పడితే కాపలావాడు తల తిప్పుతాడు. నేల దేనితో చేసిందో చెవితో చదవడం ఆ ఆట 1998లోనే నేర్పింది. కాపలావాళ్లు తమలో తాము గొణుక్కునే మాట, ఈల, దగ్గు గోడ అవతలి నుంచి వినపడి వాళ్లు ఎంత దూరంలో ఉన్నారో చెప్పేస్తాయి. ఆ పాఠం తర్వాతి వాళ్లంతా శ్రద్ధగా చదివారు.

స్టాకర్‌లో అన్నిటికన్నా అడుగున ఒక సన్నని హోరు ఉంటుంది. అది గాలా, దూరంగా తిరుగుతున్న యంత్రమా, సంగీతమా అని తేల్చుకోలేం. దాని మీద కుక్కల అరుపులు, కాకులు, కొమ్మల చప్పుడు, ఎక్కడో రెండు తుపాకీ పేలుళ్లు. వీటిలో కొన్ని నిజంగానే అక్కడ ఎవరో ఉన్నారని చెబుతాయి, కొన్ని ఉత్తవే. ఏది నిజమో ఏది ఉత్తదో తెలియని ఆ సందులోనే మనసు పని మొదలుపెడుతుంది. పైన మన సొంత చప్పుళ్లు: అడుగులు, ఆయాసం, తుపాకీలో గుళ్లు నింపుకుంటుంటే ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు. భయం పెరిగినకొద్దీ ఇవి మరీ పెద్దగా వినపడుతున్నట్టు ఉంటుంది.

డార్క్ వ్యాలీ అనే లోయలో ఎక్స్-18 అని ఒక పాడుబడ్డ నేలమాళిగ ప్రయోగశాల ఉంది. నన్ను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న ఘట్టం అదే. మెట్లు దిగుతుంటే దీపాలు వణుకుతుంటాయి. చాలాసేపు ఎవరూ రారు. లోపల ఎక్కడో ఇనప తలుపు మీద ఒక దెబ్బ. మళ్లీ ఏమీ ఉండదు. తర్వాత గదుల్లో పెట్టెలు, డబ్బాలు వాటంతటవే లేచి వచ్చి ఒంటికి తగులుతాయి. కాల్చాలంటే ఎదురుగా ఎవరూ లేరు. ఒక్కసారిగా మీదికి దూకించి బెదరగొట్టడం సులువు, దానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఇక్కడ ఆ గదులు కట్టినవాళ్లు వాడుకున్నది ఆలస్యం. రావాల్సింది ఎంతసేపు రాకుంటే అంతసేపు మన ఊహే ఆ గదులను నింపుతుంది. కరెంటు పోయిన రాత్రి పొలం కాడ ఒంటరిగా ఉన్నవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

మన తోలుబొమ్మలాటలో యుద్ధం వచ్చినప్పుడు తెర వెనక చెక్కపలకల మీద కాళ్లతో తొక్కి చప్పుడు పుట్టిస్తారు. తెర మీద రెండే బొమ్మలుంటాయి, చూసేవాళ్లకు మాత్రం సేనలు ఢీకొన్నట్టు వినపడుతుంది. చూపలేనిదాన్ని వినిపించడం మన బొమ్మలాటగాళ్ల చేతిలో ఉన్న విద్యే. కంప్యూటర్ వచ్చాక కొత్తగా కలిసిందల్లా, చప్పుడు ఎటువైపు నుంచి వస్తోందో వెతుక్కుంటూ చూసేవాడే లేచి నడవగలగడం.

నడవగలగడం అన్నాను గనక హాఫ్-లైఫ్ చేసిన మేలు చెప్పాలి. అంతకు ముందు చాలా ఆటల్లో కథ చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆట ఆపి ఒక చిన్న సినిమా వేసేవాళ్లు. హాఫ్-లైఫ్ తయారుచేసిన వాల్వ్ సంస్థ ఆ అలవాటు మానుకుంది. మొదట్లోనే ఆటగాడు ఒక చిన్న రైలు పెట్టెలో కూర్చుని భూగర్భ ప్రయోగశాలలోకి పోతాడు. చాలాసేపు చేయడానికి పనేమీ లేదు, అటూ ఇటూ తిరిగి చూడటమే. ఎవరి పనుల్లో వాళ్లున్న మనుషులు, గొట్టాలు, తలుపులు. ఆ తర్వాత అదంతా కూలిపోయినప్పుడు, ఏది కూలిందో మనకు తెలుసు. చివరిదాకా కెమెరా ఆటగాడి కళ్లను వదలదు. చూపు మనదే, ఎటు చూడాలో మనిష్టమే. కథ చెప్పేవాడు తన పట్టు సడలించి వినేవాణ్ని నమ్మడం ఇది. ఏ కథకుడికైనా కష్టమైన పనే.

లేమి కూడా ఈ పనితనంలో భాగమే. స్టాకర్‌లో 50 కిలోలు మించి మోస్తే పరుగెత్తలేక ఆయాసం వస్తుంది. రొట్టె, కట్టుగుడ్డ, మందు, గుళ్లు, దొరికిన విలువైన వస్తువు, వీటిలో ఏది ఉంచుకోవాలో తేల్చుకోవాలి. తుపాకీ వాడినకొద్దీ అరిగి సరిగ్గా అవసరం పడ్డప్పుడే ఇరుక్కుపోతుంది. జీఎస్‌సీ నుంచి బయటికొచ్చినవాళ్లు పెట్టుకున్న 4ఏ గేమ్స్ సంస్థ మెట్రో 2033లో దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. అణుయుద్ధం తర్వాత మాస్కో మెట్రో సొరంగాల్లో బతికే జనం కథ అది. అక్కడ మేలురకం తుపాకీ గుళ్లే డబ్బు. మందు కొనుక్కోవడానికీ అవే, కాల్చడానికీ అవే. విషగాలిలోకి పోయేటప్పుడు ముసుగుకు తగిలించే వడపోత కొంతసేపే పనిచేస్తుంది. ఎంత మిగిలిందో తెర మూలన అంకె వేయరు, చేతి గడియారం చూసుకోవాలి. టార్చి వెలుగు తగ్గితే చేత్తో నొక్కే చార్జరు తీయాలి. ముసుగు అద్దం పగిలితే ఆ పగులులోంచే లోకమంతా కనపడుతుంది. ఈ ఒక్క విషయంలో మెట్రోనే స్టాకర్ కన్నా మిన్న అంటాను. తెర నిండా అంకెలు, గీతలు పరిస్తే మనిషి బొమ్మను చూస్తాడు. అవి తీసేస్తే చోటును చూస్తాడు.

స్టాకర్ గెలిచేది ఇంకోచోట. అక్కడి లోకం మన కోసం ఆగదు. ఏ-లైఫ్ అని వాళ్లు పేరు పెట్టుకున్న ఏర్పాటు ఒకటుంది. మనం చూడనప్పుడు కూడా కుక్కల గుంపు వేటాడుతుంటుంది, మనుషులు ఒక మకాం నుంచి ఇంకో మకాంకు పోతుంటారు, దారిలో ఒకరినొకరు కాల్చుకుంటారు. నిన్న మాట్లాడిన మనిషి ఈరోజు వంతెన పక్కన పడి ఉంటాడు. ఎవరు చంపారో, ఎందుకో చెప్పే సన్నివేశం లేదు. ఎందుకంటే అది రచయిత రాసింది కాదు, అక్కడ జరిగింది. రాత్రి మంట చుట్టూ నలుగురు కూర్చుని ఒకడు గిటారు వాయిస్తుంటే మిగతావాళ్లు జోకులు చెప్పుకుంటారు. ఇంగ్లిష్ ఆటలో కూడా ఆ జోకులు రష్యన్‌లోనే ఉంచేశారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా పనేమీ లేకుండా ఆ మంట దగ్గర ఊరికే నిలబడేవాణ్ని. అంత క్రూరమైన చోట ఆ కాస్త తెరిపి లేకపోతే ఆట మొత్తం వట్టి హింసగా మిగిలేది.

ఇళ్లు, వస్తువులు కథ చెప్పడం గురించి రాయడానికి చెర్నోబిల్ దాకా పోనక్కర్లేదు. మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. కుండ మూతి జాగ్రత్తగా మూసి ఉంది. ఎవరో దాచిపెట్టి, తిరిగి రాలేకపోయారు. ఇంతకన్నా ఒక్క మాట కూడా అక్కర్లేదు, కథంతా మూసిన మూతిలో ఉంది. మంచి ఆటలో గది అమర్చేవాళ్లు ఇదే చేస్తారు. ప్రిప్యాత్ పార్కులోని జెయింట్ వీల్ 1986 మే 1న పిల్లల కోసం మొదలుకావలసింది. ఆటలో ఆ చక్రం కింద నిలబడితే ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పకపోవడమే సరైన పని.

ఆట లోపం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ లోకంలో ఆడమనిషి దాదాపు కనపడదు. నిజమైన చెర్నోబిల్‌లో ఊళ్లు ఖాళీ చేయించాక తిరిగొచ్చి, తమ ఇళ్లల్లో, తమ దొడ్లల్లో బతికినవాళ్లలో ఎక్కువమంది ముసలమ్మలే. స్వెత్లానా అలెక్సీవిచ్ 1997లో వెలువరించిన చెర్నోబిల్ పుస్తకం నిండా అటువంటి గొంతులే ఉన్నాయి. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆట కట్టినవాళ్లు గోడల పెచ్చుల దాకా ఫొటో తీసి ఆ మనుషులను వదిలేశారు. ఎంత గొప్ప పనితనమైనా తుపాకీ పట్టుకున్నవాడి కళ్లతో చూస్తే కనపడనివి కొన్ని ఉంటాయి.

చంపడం గురించి దాటేసి రాయలేను. స్టాకర్‌లో మనుషులను చంపుతాం, చాలామందిని చంపుతాం. అమెరికాలో 17 ఏళ్లు నిండినవాళ్లకే అని దానికి ముద్ర వేశారు, ఆ ముద్ర సరైనదే, పిల్లల చేతికి ఇవ్వకూడదు. కానీ ఈ తరహా మంచి ఆటలు చంపడాన్ని తేలిక చేయవు. దెబ్బతిన్నవాడు నేల మీద పడి మూలుగుతుంటాడు, మన దగ్గరున్న మందుపెట్టె ఇస్తే లేచి బతుకుతాడు. ఇవ్వాలా, మనకే అట్టేపెట్టుకోవాలా? మెట్రోలో బిచ్చగాడికి ఒక గుండు ఇవ్వడం, పక్కవాళ్ల మాటలు నిలబడి వినడం, ఇటువంటివి ఆట పైకి చెప్పకుండా లెక్కపెడుతుంది. ఆ లెక్కను బట్టే చివర్లో ఏ దారి తెరుచుకోవాలో తేలుతుంది.

స్టాకర్ ముగింపు దీనికన్నా కఠినం. రియాక్టర్ గర్భంలో కోరికలు తీర్చే ఒక ఏకశిల ఉందని ఆట పొడుగునా వింటాం. దాని ముందుకు చేరాక ఏం కోరుకోవాలో మనల్ని అడగరు. అప్పటిదాకా మనం ఎట్లా బతికామో దాన్ని బట్టి కోరిక అదే బయటికొస్తుంది. డబ్బు పోగేసినవాడు ధనం కోరుకుంటాడు, నాణేలు రాలుతున్నాయని మురిసి పైనుంచి పడే ఇనుము కింద నలిగిపోతాడు. చావు వద్దన్నవాడు లోహపు విగ్రహమవుతాడు. ఈ ప్రాంతమే లేకుండా పోవాలని మంచి మనసుతో కోరుకున్నవాడికి కళ్లు పోతాయి. మొత్తం ఏడు ముగింపులు. ఏకశిలను నమ్మకుండా, తానెవరో తెలుసుకునే దారి ముందే వెతుక్కున్నవాడికి మాత్రం వేరే తలుపు తెరుచుకుంటుంది. ఆ ముడి ఇక్కడ విప్పను. నాకు ఏ కోరిక వచ్చిందో చూసి కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. నవల చదివి ఒక పాత్ర మీద తీర్పు చెప్పవచ్చు. ఇక్కడ తీర్పు ఆడేవాడి మీదే వచ్చింది, అదీ వాడు చేసిన పనుల లెక్కతోనే. ఈ పని ఇంకే కళకూ ఇంత సూటిగా సాధ్యం కాదని నా నమ్మకం.

ఆట కట్టినవాళ్ల దేశం ఉక్రెయిన్ తర్వాత నిజమైన యుద్ధంలో పడింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు చెర్నోబిల్ కేంద్రాన్ని ఆక్రమించి నెలకు పైగా అక్కడే ఉన్నాయి. జీఎస్‌సీలో కొందరు ప్రాగ్‌కు తరలిపోయి పని సాగించారు, కొందరు సైన్యంలో చేరారు. గతంలో ఈ ఆటల మీద పనిచేసిన వొలొదిమిర్ యెజోవ్ 2022 డిసెంబరులో బఖ్‌ముత్ దగ్గర పోరులో చనిపోయాడు. అంతటి కష్టంలోనూ 'స్టాకర్ 2' ఆటను 2024 నవంబరు 20న పూర్తిచేసి విడుదల చేశారు. దాని పేరులో ఊరి పేరును ఉక్రెయిన్ పలుకుబడిలో చోర్నోబిల్ అని రాసుకున్నారు.

ఇటువంటి పని మన దగ్గర జరగలేదా? ఆటలు తయారుచేసే చేతులు మనకు లేక కాదు. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' తెచ్చింది. పుణెలోని నాడింగ్ హెడ్స్ 2020లో 'రాజీ' తెచ్చింది. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ చాలా ఏళ్లు హైదరాబాదులో జరిగింది. 'అసుర', 'రాజీ' రెండూ పురాణాల్లోంచి బలం తెచ్చుకున్నవి, తెచ్చుకోవడం మంచిదే. ఒక చోటును చోటుగా నమ్మి, అక్కడి చప్పుడు, అక్కడి మట్టి, అక్కడ జరిగిన నష్టం మీద కట్టిన తెలుగు ఆట మాత్రం రావలసి ఉంది. దానికి తుపాకీ కూడా అక్కర్లేదు.

చోటు ఎక్కడని అడిగితే నా కళ్లు సాగర్ వైపే పోతాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయను 1926లో గుర్తించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు పునాది వేశాడు. లోయ మునిగిపోతుందని తెలిసి ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వారు. విహారాలు, స్నానఘట్టాలు, రాతిమెట్ల రంగస్థలం బయటపడ్డాయి. కొన్నిటిని కొండ మీదికి, ఒడ్డునున్న అనుపుకూ తరలించి మళ్లీ కట్టారు, మిగతాదంతా నీళ్ల కింద ఉంది. 1967 ఆగస్టు 4న కాల్వలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లతోనే పెద్దదేవులపల్లి రిజర్వాయరు నిండింది, కంపాసాగర్ పొలాలు పచ్చబడ్డాయి, మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్లు వచ్చాయి. మేం తినే అన్నం కింద ఒక మునిగిన నగరం ఉంది, దాంతోపాటు ఖాళీ చేసిన ఊళ్లున్నాయి. ఈ లాభాన్నీ ఆ నష్టాన్నీ ఒకే మనిషి కాళ్లతో నడిచి, చెవులతో విని తెలుసుకునే ఆట ఒకటి ఊహించండి. కావలసిన సరంజామా అంతా ఇక్కడే ఉంది.

హైదరాబాదులో గేమ్ డిజైన్ నేర్చుకుంటున్న మన పిల్లలకు నాదొక విన్నపం. గోడో వంటి ఇంజిన్లు పైసా కట్టకుండా దొరుకుతున్నాయి, బొమ్మలు తర్వాత గీసుకోవచ్చు. ముందు ఒక మంచి రికార్డరు పట్టుకుని ఇటు రండి. తూము ఎత్తినప్పుడు ఎడమ కాల్వ చేసే చప్పుడు, అనుపు రంగస్థలం మధ్యలో నిలబడి పిలిస్తే పలికే గొంతు, ఫణిగిరి గుట్ట మీది గాలి పట్టుకోండి. అన్నిటికన్నా ముందు, ఆ లోయ మునగకముందు అక్కడ బతికినవాళ్ల దగ్గరికి పోండి. ఆనాడు పదిహేనేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటాయి. వాళ్ల ఇల్లు ఏ దిక్కుకు ఉండేదో, వాకిట్లో ఏ చెట్టు ఉండేదో, బావి దగ్గర ఏం వినపడేదో అడిగి రికార్డు చేయండి. ఈ ఎండాకాలమే మొదలుపెట్టండి.